ఏటికి ఎదురీదే చేప

గాలం వేసుకుని గట్టున కూర్చున్నవాడికీ, ముక్కు మూసుకుని తపస్సు చేసుకునేవాడికీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. ఇద్దరికీ ఓపికే పెట్టుబడి. ఇద్దరూ కంటికి కనిపించని దానికోసం గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటారు. ఇద్దర్నీ ఇంట్లోవాళ్ళు "పనీపాటా లేని మనిషి" అనే అంటారు. తేడా అంటూ ఉంటే ఒక్కటే. తపస్సు ఫలించి దేవుడు ప్రత్యక్షమైతే దేవుడికొచ్చిన నష్టమేమీ లేదు. గాలం ఫలించి చేప ప్రత్యక్షమైతే మాత్రం నష్టమంతా చేపదే.

ఈ లాభనష్టాల లెక్కను మన దేశంలో ఎన్నో వందల ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. రాజులు రాశారు, తెల్లదొరలు రాశారు, ఇప్పుడు శాస్త్రజ్ఞులు రాస్తున్నారు. ఆ చిట్టాలో బోలెడన్ని పేజీలు ఆక్రమించిన చేప ఒకటుంది. దాని కథ చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

బేడిసను మీరెరుగుదురు. చెరువులోనో కాలవలోనో వెండి రేకులా తళుక్కుమని, బాగా చూద్దామనుకునేలోపల మాయమయ్యే చిట్టి చేప. కథానాయిక కళ్ళను దానితో పోల్చిన ప్రబంధ కవులు కోకొల్లలు. పరిగెలు దాని దగ్గర చుట్టాలు. పులుసులోకి తప్ప దేనికీ కొరగావని మనం వాటిని చులకన చేస్తాం గాని, ఆ కుటుంబం చాలా పెద్దది. మన బొచ్చె, రోహు కూడా ఆ ఇంటి బిడ్డలే. ఆ ఇంట్లోనే ఒక మహాకాయుడు కూడా పుట్టాడు. వాడి పేరు మహసీరు. బేడిసను తులాల్లో తూస్తే మహసీరును మణుగుల్లో తూయాలి. 1946లో మైసూరు ప్రాంతంలో కబిని నదిలో పట్టిన ఒక మహసీరు 120 పౌన్లు తూగింది. అంటే 54 కిలోల పైమాటే.

మనిషిని, కాదు, చేపను కాస్త వర్ణించాలి గదా. అరచేతి వెడల్పు పొలుసులు, మందపాటి పెదవులు, రెండు జతల మీసాలు. ఇంత మీసం ఉన్నా నోట్లో పళ్ళు మాత్రం లేవు. పళ్ళు గొంతులో ఉంటాయి. పీతల్నీ నత్తల్నీ గుటుక్కున మింగి అక్కడ పిండిచేస్తుంది. పేరు ఎలా వచ్చిందన్న దానిమీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. "మహా శిరం", అంటే పెద్ద తలకాయ గలది అని కొందరంటారు. కాదు, పారసీ భాషలో "మాహీ" అంటే చేప, "షేర్" అంటే సింహం, కాబట్టి ఇది మత్స్యసింహమని మరికొందరంటారు. తలకాయ పెద్దదన్నా, సింహమన్నా ఆ చేప అభ్యంతరం చెప్పే రకం కాదు. దాని గొడవంతా వేరు. వానలు పడగానే ఏటికి ఎదురీది పైకి పోవాలి. అదే దాని గొడవ.

ఏటికి ఎదురీదడమనే మాటను మనం మొండివాళ్ళ విషయంలో వాడతాం. "ఏటికి ఎదురీదినట్టే" అంటే అయ్యేపని కాదని అర్థం. చేపల దృష్టిలో ఆ మాటకు అర్థం వేరు. మా ఊరి చెరువు నిండి అలుగు పారినప్పుడు చూడాలి. నీళ్ళు తెల్లగా దూకుతుంటే, కింది వాగులోంచి చిన్నాపెద్దా చేపలు అలుగు మీదికి ఎగిరెగిరి పడుతుండేవి. ఊరి జనం బుట్టలూ, ఊతలూ, పాత చీరలూ పట్టుకుని పరుగెత్తేవాళ్ళు. నా చిన్నతనంలో ఒకసారి మా బాబాయిని అడిగాను.

"బాబాయ్, నీళ్ళు ఇటు వస్తుంటే ఇవి అటు పోతాయెందుకు?"

"కడుపుతో ఉన్నాయిరా. పురిటికి పుట్టింటికి పోతున్నాయి," అన్నాడు మా బాబాయి, చేతిలో బుట్ట వదలకుండానే.

జీవశాస్త్రం పుస్తకాలు ఆ తర్వాత చాలా చదివాను గాని, ఇంతకంటె స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. మహసీరుది కూడా సరిగ్గా ఇదే కథ. వేసవిలో నది సన్నబడినప్పుడు లోతైన మడుగుల్లో తలదాచుకుంటుంది. తొలకరి పడి నీళ్ళు రంగు మారగానే కదులుతుంది. కొండల వైపుకు, చల్లగా, తేటగా పరుగెత్తే ఉపనదుల్లోకి ఎక్కుతుంది. అక్కడ గులకరాళ్ళ పడకల మీద గుడ్లు పెడుతుంది. హిమాలయాల్లో రామగంగ, నయార్ వంటి నదులు దానికి పేరుపడ్డ పుట్టిళ్ళు. దక్షిణాన సహ్యాద్రి కొండల్లోంచి దిగే వాగులన్నీ పుట్టిళ్ళే. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల కొన్నాళ్ళు ఆ రాళ్ళ సందుల్లోనే పెరిగి తర్వాత పెద్ద నదిలోకి దిగుతుంది. పుట్టింటి దారి తెరిచి ఉన్నంతకాలం ఆ వంశానికి ఢోకా లేదు. ఈ కథకంతటికీ కీలకం ఆ ఒక్క మాటలో ఉంది.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత కట్టినవాళ్ళు వాళ్ళు. సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస. వరద గోదావరిలోకి ఎదురెక్కాక పులస. కులగోత్రాల్లో పులసకూ మహసీరుకూ సంబంధం లేదు, కాని కష్టం ఒకటే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పులస ప్రయాణానికి అక్కడ గేటు పడింది. ఆనకట్ట లక్షల ఎకరాలకు అన్నం పెట్టింది, కాదనను. కాని పుట్టింటి గుమ్మంలో గోడ కట్టారని చేపకు ఎవరు చెబుతారు? అది వస్తుంది, తలబాదుకుంటుంది, వలలో పడుతుంది.

ఇక చరిత్రలోకి వద్దాం. చేపల గురించి మన దేశంలో మొట్టమొదట ప్రభుత్వ ఉత్తరువు వేసినవాడు, నాకు తెలిసినంతవరకు, అశోకుడు. పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు చెక్కించిన అయిదో స్తంభ శాసనంలో, చంపకూడని జంతువుల జాబితా ఇచ్చాడు. దానితోబాటు, ఫలానా పున్నములనాడు, వాటికి ముందూ వెనకా రోజుల్లో, ఉపవాస దినాల్లో చేపల్ని చంపకూడదు, అమ్మకూడదు అని కూడా ఆజ్ఞాపించాడు. చాతుర్మాస్యపు పున్నములంటే ఫాల్గుణ, ఆషాఢ, కార్తిక పున్నములని పండితులు చెబుతారు. ఆషాఢ పున్నమి అంటే వానలు దిగే వేళ. ఎదురెక్కే చేపలకు అది ప్రయాణ ముహూర్తం. చక్రవర్తి మనసులో ఉన్నది ధర్మమో, మత్స్యశాస్త్రమో మనకు తెలీదు. రెండూ ఒకేచోట కలిశాయి, అంతే.

అశోకుడు వద్దన్న పనిని పదమూడు శతాబ్దాల తర్వాత ఇంకో రాజు ముచ్చటగా వర్ణించాడు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు, భూలోకమల్లుడని బిరుదు. మన హనుమకొండ కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యుల సామంతులే. కాబట్టి ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు. 1130 ప్రాంతంలో ఆయన పేర "మానసోల్లాసం" అనే సంస్కృత గ్రంథం వెలువడింది. నూరు అధ్యాయాలు. రాజు ఎలా పాలించాలి, ఎలా స్నానం చేయాలి, ఏం తినాలి, ఎలా పొద్దుపుచ్చాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇడ్లీకి తాతగారనదగ్గ "ఇడ్డరిక" కూడా ఆ వంటల్లోనే తగులుతుంది. అలాటి పుస్తకంలో "మత్స్యవినోదం" అని ఒక అధ్యాయం ఉంది. అంటే, రాజుగారు గాలం వేయడం.

ఆ అధ్యాయంలో ముప్ఫైకి పైగా చేపల పేర్లున్నాయి. సముద్రానివేవి, నదివేవి, పొలుసులున్నవేవి, లేనివేవి అని పంక్తులు తీర్చి చెప్పారు. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేన్ని ఇష్టంగా తింటుంది, దానికి ఏ ముద్ద కట్టి నీళ్ళలో వేయాలి అన్నది రుచులు తెలిసిన ఇల్లాలు చెప్పినట్టు చెప్పారు. ముందు చేపల్ని ఒకచోటికి మేతతో మరిపి, ఆ తర్వాత గాలం వేయాలిట. పోయిన శతాబ్దంలో భారత జంతుశాస్త్ర పరిశోధనశాఖకు డైరెక్టరుగా ఉన్న సుందర్ లాల్ హోరా ఈ అధ్యాయాన్ని 1951లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తలపండిన మత్స్యశాస్త్రవేత్త ఆయన. ఎనిమిది వందల ఏళ్ళనాటి రాజుగారి పరిశీలనను ఆయన సరదా కాలక్షేపంగా తీసుకోలేదు, శాస్త్రంగా చూశాడు.

నాకు మాత్రం ఆ అధ్యాయం గురించి చదివినప్పుడల్లా ఇంకో మనిషి కళ్ళకు కడతాడు. రాజు వచ్చే ముందు ఏ మడుగులో ఏముందో చూసి, ముద్దలు కట్టి, రోజూ నీళ్ళలో వేసిన మనిషి ఒకడుండాలి గదా? రాజుకు చేపల రుచులు చెప్పింది అతనే అయి ఉండాలి. గ్రంథం రాజు పేరుమీద ఉంది. జాలరి పేరు నీళ్ళమీద రాసినట్టయింది. ఈ చరిత్ర పొడుగునా ఇదే వరస.

సోమేశ్వరుడి తర్వాత ఆ వినోదాన్ని అంత మక్కువగా ఇంగ్లీషుదొరలే పుస్తకాలకెక్కించారు. దానికి ముందు పేర్ల తంతు నడిచింది. మన విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఆ తీరాన దొరికిన 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చువేశాడు. తెలుగు జాలరులు పిలిచే పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, వాటికింద వర్ణన రాశాడు. ఆ పేర్లు చదువుతుంటే దొరగారి నాలుక ఎన్ని మెలికలు తిరిగిందో అర్థమై నవ్వొస్తుంది. అయినా పేరు చెప్పినవాళ్ళ పేరు నిలబెట్టాడు, దణ్ణం పెట్టాలి. గంగానది చేపల గురించి 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ బుకానన్ రాశాడు. మహసీరు జాతులకు శాస్త్రంలో మొదట పేరు పెట్టిందక్కడే. "తోర్" అన్నది ఆ ప్రాంతపు వాడుక పేరే. ఇవాళ మహసీరుల ప్రజాతి పేరు అదే. ఆ తర్వాత 1839లో సైక్స్ అనే సైనికోద్యోగి పుణె దగ్గరి ములా ముఠా నదిలో దొరికిన నీలిరెక్కల మహసీరును వర్ణించాడు. ఆ ఏరు భీమలో కలుస్తుంది, భీమ కృష్ణలో కలుస్తుంది. అంటే ఆ చేప మన కృష్ణమ్మ ఎగువ ఇంటి బిడ్డే.

అసలు గాలపు పురాణం మొదలైంది 1873లో. హెన్రీ సలివాన్ థామస్ అని మద్రాసు సివిల్ సర్వీసులో ఉద్యోగి. దక్షిణ కన్నడ జిల్లాలో పనిచేస్తూ, కచేరీ కాగితాలకంటె నదినే ఎక్కువ ప్రేమించినట్టుంది. "ది రాడ్ ఇన్ ఇండియా" అనే పుస్తకం రాసి మంగుళూరులో అచ్చువేయించాడు. స్వదేశంలో సామన్ చేపను మించిన వీరుడు లేడని నమ్మే జాతి ఆయనది. అలాంటివాడు, బరువుకు బరువు చూస్తే సామన్ కంటె మహసీరే గట్టి పిండమని తేల్చి చెప్పాడు. ఇంగ్లండులో క్లబ్బుల్లో కూర్చున్నవాళ్ళకు ఆ మాట ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. పరాయిదేశపు బేడిస వంశీకుడు వచ్చి సొంతింటి సింహాన్ని దించినట్టే.

దాంతో సెలవు దొరికిన ప్రతి దొరా గాలపు కర్ర భుజాన వేసుకుని నదులమీద పడ్డాడు. 1919లో కావేరిలో ఒక మేజరు 119 పౌన్ల చేప పట్టాడు. నేను మొదట చెప్పిన 120 పౌన్లది 1946లో మైసూరు వాన్ ఇంజెన్ పట్టినది. చచ్చిన పులులకు గడ్డి కూరి బతికున్నట్టు నిలబెట్టే విద్యలో ప్రసిద్ధులైన కుటుంబం వారిది. జిమ్ కార్బెట్ కూడా, నరమాంసం మరిగిన పులుల కథలు చెబుతూ చెబుతూ, 1944 నాటి తన పుస్తకంలో ఒక అధ్యాయం మహసీరుకు కేటాయించాడు. పులికి ఎదురెళ్ళినవాడు చేప దగ్గర కవి అయిపోయాడు.

దొర గాలం వేస్తుంటే పుట్టి నడిపినవాడెవరు? మన తుంగభద్ర మీద తిరిగేలాంటి తోలుపుట్టే కావేరిలోనూ ఉంది. గాలానికి తగులుకున్న మహసీరు ఒక్క ఊపున రాళ్ళ మధ్యకు పరుగు తీస్తుంది. దారం రాతికి రాసుకుంటే తెగుతుంది. ఆ క్షణంలో సుడులు తప్పించుకుంటూ పుట్టిని చేప వెనకాల తిప్పేవాడు లేకపోతే దొరగారి పుస్తకంలో ఆ అధ్యాయమే ఉండదు. ఎర సంగతి మరీ తమాషా. దొరలు చెంచాల్లాంటి మెరుపు రేకులు, రంగు రంగుల ఈకల ఈగలు సీమనుంచి తెప్పించుకునేవారు. కావేరి తీరపు జాలరి రాగిపిండి ఉడికించి, గట్టిగా ముద్దకట్టి గాలానికి గుచ్చేవాడు. కావేరిలో బ్రహ్మాండంగా పనిచేసిన ఎరల్లో ఈ రాగిముద్ద ఒకటి. రాయలసీమ పాఠకులు గర్వపడవచ్చు. సంకటి రుచి చేపక్కూడా తెలుసు.

వేటగాళ్ళన్నాక చేపల శత్రువులే అనుకుంటాం. ఇక్కడే చరిత్ర ఒక మెలిక తిరుగుతుంది. చేపలు ఎదురెక్కే వేళ అడ్డుకట్టలు వేసి తల్లుల్నీ, నీళ్ళు తగ్గాక బుట్టలతో పిల్లల్నీ ఊడ్చేస్తున్నారని మొట్టమొదట గోల పెట్టినవాళ్ళలో ఈ థామసే ఒకడు. భారతదేశపు చేపల మీద మహాగ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే కూడా, ఆనకట్టలు చేపల ప్రయాణానికి ఎలా అడ్డొస్తున్నాయో ప్రభుత్వానికి నివేదించాడు. చివరికి 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్ళలో డైనమైటు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం నేరమయింది. ఇందులో స్వార్థం లేదనను. పల్లెటూరి జాలరి పొట్టకోసం పట్టే చేపను దోపిడీ అనీ, తాను సరదాకు పట్టేదాన్ని క్రీడ అనీ అనుకున్న దొరలు ఉండనే ఉన్నారు. అయినా చట్టం మంచిదే. డైనమైటు తల్లినీ పిల్లనీ ఎంచదు. మడుగు మడుగంతా ఒక్క దెబ్బతో చచ్చి తేలుతుంది.

చట్టం పుస్తకంలో ఉంది, డైనమైటు నదిలో ఉంది. ఈలోపల ఆనకట్టలు లేచాయి. కావేరి మీద 1930 దశకం మొదట్లోనే కృష్ణరాజసాగరం పూర్తయింది, 1934లో మెట్టూరు పూర్తయింది. మధ్యలో మిగిలిన నది ముక్కలోనే మహసీరు సంసారం. దొరలు వెళ్ళిపోయారు. మహసీరు కథ ముగిసిపోయిందనే సీమలో అనుకున్నారు. 1977లో ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు పనిగట్టుకుని వచ్చి కావేరిలో గాలం వేస్తే, 42 కిలోల చేప కూడా తగిలింది. కథ ముగియలేదన్నమాట.

అప్పటికే బెంగుళూరు కేంద్రంగా 1972లో ఏర్పడ్డ దక్షిణ భారత వన్యప్రాణి సంఘం నదిలో కొంత భాగాన్ని కాపలా కాస్తోంది. తర్వాత భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమకలి దగ్గర కర్ణాటక ప్రభుత్వ సంస్థే విడుదులు పెట్టింది. పద్ధతి మారింది. పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదలాలి. ఇదివరకు దొంగచాటుగా డైనమైటు పేల్చినవాళ్ళలో కొందరికి అక్కడే కొలువులిచ్చి కాపలాదారుల్నీ, పుట్టి నడిపేవాళ్ళనీ చేశారు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఇక్కడ మాత్రం ఆ తాళాలు చక్కగా పనిచేశాయి. బతికున్న చేప చచ్చిన చేపకంటె ఎక్కువ కూడు పెడుతుందని వాళ్ళకు తెలిసొచ్చింది.

ఇక్కడితో ఆగితే ఇది సుఖాంతం. చరిత్రకు మన సినిమాల అలవాటు లేదు.

1970లలో లోనావాలా దగ్గర టాటా విద్యుత్ సంస్థవారు నీలిరెక్కల మహసీరును కృత్రిమంగా పొదిగించడం మొదలెట్టారు. పుణ్యకార్యమే. లక్షల పిల్లల్ని అనేక రాష్ట్రాలకు పంచారు. కావేరిలోనూ వదిలారు. చేపలు పెరిగాయి, గాలాలకు విరివిగా తగిలాయి, అందరూ సంతోషించారు. కాని కావేరికి తనదంటూ ఒక మహసీరు ఉంది. వీపున మూపురంతో, నారింజరంగు రెక్కలతో ఉండేది. ఆ మహాకాయాలకూ, రికార్డులకూ పేరెత్తింది అదే. వచ్చినది కృష్ణ ఎగువ చుట్టం. చూపులకు ఇద్దరూ మహసీరులే. గాలిబోరెలో పట్టిన చేపల వివరాలు 1998 నుంచి 2012 దాకా పద్దుల్లో రాసిపెట్టారు. శాస్త్రజ్ఞులు ఆ పద్దులు తిరగేస్తే గుండె ఝల్లుమంది. మొత్తం చేపలు పెరుగుతూనే ఉన్నాయి. మూపురం చేప మాత్రం ఏటేటా తగ్గుతూ తగ్గుతూ దాదాపు లేకుండా పోయింది. ఇంటినిండా జనం ఉన్నారని మురిసిపోతుంటే, ఇంటి యజమాని ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదన్నమాట.

ఇంకా విచిత్రం వినండి. నూరేళ్ళకు పైగా పట్టి, తూచి, ఫోటోలు తీసి, గోడలకు తగిలించిన ఆ చేపకు శాస్త్రంలో తేల్చిన పేరే లేదు. పేరు లేనిదాన్ని కాపాడమని ఏ చట్టం కింద అడుగుతారు? 2007లో కేరళలోని పాంబారులో, అంటే కావేరి నీటిని పంచుకునే ఒక చిన్న ఏట్లో, కొన్ని చిన్న మహసీరులను చూసి ఇద్దరు శాస్త్రజ్ఞులు దాన్ని కొత్త జాతిగా గుర్తించారు. జంతుశాస్త్ర పరిశోధనశాఖకు చెందిన డాక్టర్ రెమాదేవి గారి గౌరవార్థం "తోర్ రెమాదేవి" అని పేరు పెట్టారు. భవానీలో కలిసే మోయారులో మిగిలిన మూపురం చేపల్ని పరీక్షించి, కావేరి మహాకాయుడూ, ఆ పాంబారు చిన్నదీ ఒకటేనని 2018లో రుజువు చేశారు. అదే ఏడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. నామకరణమూ, ప్రాణంమీదికి వచ్చిందన్న కబురూ ఒకేసారి వచ్చాయి.

ఈలోపల వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో గాలం కూడా వేటేనని కావేరి విడుదుల్లో గాలాలు ఆపించారు. 2012 నాటికి ఆ ముచ్చట ముగిసింది. చట్టం మాటా నిజమే. నోట్లో ఇనప కొక్కెం దిగితే దాన్ని ఆటంటుందా చేప? గాలంవాళ్ళ వాదనా కొట్టిపారేయలేం. మేం పోతే కాపలా పోతుంది, కాపలా పోతే డైనమైటు వస్తుంది, పద్దులు రాసేవాడు లేకపోతే చేప ఉందో పోయిందో కూడా తెలీదు అంటారు వాళ్ళు. మూపురం చేప పోతోందని బయటపెట్టిన లెక్కలు గాలంవాళ్ళవే అన్న సంగతి మరిచిపోకూడదు.

వీళ్ళందరికంటె ముందునుంచీ, ఏ చట్టమూ పద్దూ లేకుండా కాపాడినవాళ్ళు ఇంకొకరున్నారు. శృంగేరి వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది. శారదాంబ గుడి వెనక తుంగ మెట్లు దిగితే, నీళ్ళు కనిపించనంత దట్టంగా చేపలు. మహసీరులూ వాటిలో ఉన్నాయి. అక్కడ వల వేయరు, గాలం వేయరు. యాత్రికులు మరమరాలు వేస్తారు. మేం వెళ్ళినప్పుడు మా ఆవిడ పొట్లం విప్పీవిప్పకముందే నోళ్ళన్నీ పైకి లేచాయి.

"ఏమండీ, ఇవి మన పెళ్ళి భోజనాల్లో మీ వైపు చుట్టాల్లా ఉన్నాయే!" అంది.

"వాళ్ళకు మరమరాలతో సరిపెట్టలేదుగా," అన్నాను.

నవ్వుకున్నాం గాని, నాకు సోమేశ్వరుడు గుర్తొచ్చాడు. మేత వేసి మరపడం వరకూ రాజూ, భక్తుడూ చేసే పని ఒకటే. ఆ తర్వాత చెయ్యి ఏం చేస్తుందన్నదే తేడా. అయితే భక్తికీ హద్దుంది. దక్షిణ కన్నడ జిల్లాలో శిశిల గుడి దగ్గర ఇలాగే తరతరాలుగా కాపాడుకొచ్చిన చేపలకు 1996లో ఎవరో విషం పెట్టారు. దేవుడి మడుగులో చేపలు గుట్టలుగా తేలాయి. ఇంకో మాట, గుడి మెట్ల దగ్గర ఉన్నన్నాళ్ళే దేవుడి చేప. వానలు పడి పుట్టింటికి బయల్దేరితే రెండు మైళ్ళ అవతల అది ఒట్టి చేపే. దాని పురుడు గుడి ఆవరణలో జరిగేది కాదు.

అశోకుడి శాసనం కాలాన్ని కాపాడింది. గుడి కొంత చోటును కాపాడింది. దొరల చట్టం డైనమైటును నిషేధించింది. గాలంవాళ్ళు ఒక నది ముక్కను కాశారు. పొదిగింపు కేంద్రం సంఖ్యను పెంచింది. ఎవరి పుణ్యం వాళ్ళది. కాని వీటిలో ఏదీ దాని దారిని మొత్తంగా కాపాడలేదు. మడుగునుంచి వాగుదాకా, వాగునుంచి గులకరాళ్ళ పడకదాకా ఉన్న ఆ పుట్టింటి దారిలో ఆనకట్ట ఉంది, ఇసక తవ్వేసిన గుంటలున్నాయి, కాలవలకు మళ్ళించగా మిగిలిన చెంబెడు నీళ్ళున్నాయి. ఇసకా గులకా పోతే పడక పోయినట్టే. కాపాడవలసింది చేపను కాదు, ఏరును. ఏరుంటే చేప తన తంటాలు తాను పడుతుంది. లక్షల ఏళ్ళుగా పడుతూనే ఉంది.

మోయారులో మూపురం చేపలు ఇంకా కొన్ని మిగిలాయని శాస్త్రజ్ఞులు కళ్ళారా చూసి చెప్పారు. అంటే వానాకాలం వచ్చిందంటే, ఆ కొండవాగుల్లో ఎక్కడో, తొమ్మిది వందల ఏళ్ళు రాజులూ దొరలూ వెంటపడినా తరగని వంశంలోంచి ఒక తల్లి ఏటికి ఎదురీదుతూ ఉండాలి. ఆ వేళకు దారి తెరిచి ఉంచడం మన పని.